పోలిక చూసి కలిపిన చుట్టరికం

నిఘంటు కార్యాలయం,
మేడ మీద పొడుగు బల్ల గది.

అక్కా,

అమ్మ పెట్టిన షరతు ప్రకారం ఫోన్ చేయకుండా రాస్తున్నాను. ఫోన్‌లో అయితే మనిద్దరం మూడో మాటకే పోట్లాటలోకి దిగుతామనీ, రాసేటప్పుడు మనిషి సగం కోపం మింగేస్తాడనీ ఆవిడ సిద్ధాంతం. నీ దగ్గరే ఉంటోంది కనుక ఈ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించు. మధ్యలో ఫ్రెంచి ముక్కలు వచ్చినప్పుడు మాత్రం మొహం చిట్లించకు. నాకేదో అయిందనుకుని కంగారు పడుతుంది.

సంగతేమిటంటే, నాకు మొదటి మాట ఇచ్చారు. చేరినప్పటి నుంచి ఎవరో రాసిన చీటీలని అక్షర క్రమంలో పేర్చడమే నా పని. నిన్న పెద్దాయన, అంటే మా ప్రధాన సంపాదకుడు, నా దగ్గరికొచ్చి కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "నీకు చెల్లెళ్ళున్నారా?" అని అడిగారు.

"లేరండీ. అక్క ఉంది. నేనే చెల్లెల్ని" అన్నాను.

"అయితే ఇది నువ్వే చూడు" అని చీటీ నా ముందు పెట్టి వెళ్ళిపోయారు. దాని మీద ఉన్న మాట 'సోర్'. అక్కకీ చెల్లికీ కలిపి ఫ్రెంచి వాళ్ళు వాడే మాట. పెద్దా చిన్నా తేడా లేకుండా ఒక్కదానితో సరిపెట్టుకున్నారంటే వాళ్ళ ఇళ్ళలో మన ఇంట్లో ఉన్నన్ని తగాదాలు లేవేమో.

ఇక్కడి పద్ధతి నీకు చెప్పాలి. ఒక మాట ఇస్తే దాని తల్లి ఎవరు, ఆ తల్లికి తల్లి ఎవరు అని వెనక్కి తవ్వుకుంటూ పోవాలి. చివరికి మన భాషలో దానికి చుట్టాలుంటే వాళ్ళనీ చూపించాలి. నెలాఖరున విరుపు జరుగుతుంది. రాసినవాళ్ళు నిలబడి చదువుతారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళలో ఎవరైనా "ఈ లంకె నిలవదు" అని రుజువు చేశారా, మాట విరిగినట్టే. విరిచినవాళ్ళకే ఆ మాట అప్పగిస్తారు, అచ్చులో పేరు కూడా వాళ్ళదే పడుతుంది. బయటివాళ్ళు విరిచినా అంతే. అలా విరిచి ఇక్కడ కుర్చీ సంపాదించుకున్నవాళ్ళున్నారు. కొత్తవాళ్ళ మొదటి మాట విరిగితే మాత్రం వాళ్ళని కింద ప్రూఫుల గదికి పంపేస్తారు. అక్కడి నుంచి మళ్ళీ మేడెక్కినవాళ్ళని నేనింకా చూడలేదు. ఉన్న వెసులుబాటల్లా ఒకటే. మాట కింద పేరున్నవాళ్ళు చదవబోయే క్షణం దాకా ఎన్నిసార్లు దిద్దుకున్నా దాన్ని దిద్దుబాటు అంటారు, విరుపు అనరు.

నా ఎదురుగా కూర్చునే ఆయన్ని అందరూ కత్తెర అంటారు. ఒకరి మాట విరిగితే ఆ రోజు ఆయన రెండు టీలు తాగుతాడు. నా చీటీ వైపు అప్పుడే రెండుసార్లు చూశాడు.

లాటిన్ దాకా ఎలాగో లాక్కొస్తాను. ఆ పైన నువ్వు లేకపోతే నా వల్ల కాదు.

నీ పొట్టి.


భాషల బడి, స్టాఫ్ గది
(అంటే ఫొటోకాపీ మిషను పక్కన వేసిన కుర్చీ).

మహా నిఘంటు పండితురాలు పొట్టి గారికి,

ఉత్తరం అందింది. అమ్మకి చదివి వినిపించాను. వెంటనే పక్కింటికి వెళ్ళి "మా చిన్నదానికి మాట ఇచ్చారట" అని చెప్పొచ్చింది. వాళ్ళు నీ పెళ్ళి కుదిరిందనుకుని నన్ను జాలిగా చూస్తున్నారు. నేను సరిచేయలేదు. ఉద్యోగం విషయంలో చూసే జాలి కన్నా అదే నయం.

నువ్వు కిటికీ పక్కన కూర్చుని మాటల ముత్తవ్వలని వెతుకుతుంటే నేనిక్కడ హోటల్ ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళకి 'మీ గది తాళం ఇదిగోనండీ' అని ఫ్రెంచిలో వల్లె వేయిస్తున్నాను. మొన్న నీ 'సోర్' నేర్పాను. ఒకతను తన చెల్లెల్ని క్లాసుకి పరిచయం చేస్తూ గంభీరంగా "ఈవిడ మా సార్" అన్నాడు. ఆ పిల్ల వెంటనే అందరి హాజరూ తీసుకుంది. నీకిచ్చిన మాట నా దగ్గర పడే పాట్లు అవి.

ఒక మాట అనేస్తాను, మళ్ళీ మనసులో పెట్టుకుంటే అజీర్తి చేస్తుంది. ఆ ఇంటర్వ్యూకి ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళాం. దారి పొడుగునా నీకు క్రియలు అప్పగించింది నేను. అసలు ఫ్రెంచి అనే భాష ఒకటుందని నీకు చెప్పింది నేను. సంస్కృతం నాకు వచ్చు, ఉద్యోగం నీకు వచ్చింది. చిన్నప్పుడు నా స్వెటర్లన్నీ నీకు దిగేవి, అప్పుడు ఏడ్చేదానివి. ఇప్పుడు నాకు కుదిరిన కుర్చీ కూడా నీకే దిగింది. ఈసారి ఏడవలేదేం?

సరే, పని చూద్దాం. లాటిన్‌లో నీ మాట 'సొరొర్'. దానికి పైన ఉన్నది ఎవరూ రాయనిది, ఎవరూ వినని మాట. పిల్లల పోలికలని బట్టి తల్లి బొమ్మ గీసినట్టు పండితులు ఊహించి కట్టారు. అందుకే దాని ముందు నక్షత్రం గుర్తు పెడతారు. ఆ మాట 'స్వెసోర్'. 'స్వ' అంటే తన, మిగతాది ఆడమనిషి, అంటే తన మనిషి అని కొందరి ఊహ. లాటిన్ వాళ్ళు రెండు అచ్చుల మధ్య పడ్డ 'స'ని నలిపి నలిపి 'ర' చేశారు, కనుక 'సొరొర్' అయింది. అదే తల్లికి సంస్కృతంలో పుట్టిన బిడ్డ 'స్వసృ'. చూశావా, ఫ్రెంచి 'సోర్'కీ 'స్వసృ'కీ మొహాల్లో ఏ పోలికా లేదు, అయినా ఒక ఇంటి పిల్లలే. నీకు ఫ్రెంచి నేర్పిన రోజుల్లో వంద సార్లు చెప్పిన మాట మళ్ళీ చెబుతున్నాను: పోలిక చూసి చుట్టరికం కలపకు.

నీ ఉత్తరం ఎప్పట్లాగే ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపుతున్నాను. 'ఉన్న వెసులుబాటల్లా' కాదు, 'వెసులుబాటల్లా' అంటేనే చాలు. ఉన్నదే కదా వెసులుబాటు. నిఘంటువులో కూర్చుని ఇలా రాస్తే ఎలా?

అక్క.


నిఘంటు కార్యాలయం,
కిటికీ పక్కన (నువ్వన్నట్టే).

అక్కా,

స్వెటర్ల దగ్గర నవ్వాను, కుర్చీ దగ్గర నవ్వలేకపోయాను. ప్రస్తుతానికి మాట గురించే చెబుతున్నాను.

నువ్విచ్చిన 'స' కథ పెద్దాయనకి వినిపిస్తే "ఎవరు నేర్పారు?" అన్నారు. మా అక్క అన్నాను. ఆయన "ఊఁ" అన్నారు. ఆయన 'ఊఁ' అనడమంటే ఇంకొకరు చప్పట్లు కొట్టడం.

ఇంకో తమాషా దొరికింది. పాత ఫ్రెంచిలో ఈ మాటకి రెండు రూపాలుండేవట. 'సుయెర్' ఒకటి, 'సెరోర్' ఒకటి. అక్క వచ్చింది అన్నా, అక్కా అని పిలిచినా 'సుయెర్'. అక్కని చూశాను, అక్కకిచ్చాను అని ఆవిడ గురించి చెప్పేటప్పుడు 'సెరోర్'. తర్వాతి కాలంలో దాదాపు అన్ని మాటల్లోనూ మొదటి రూపం చచ్చి రెండోది మిగిలింది. ఇక్కడ మాత్రం తిరగబడింది, 'సెరోర్' పోయి 'సుయెర్' నిలిచింది. అదే ఈనాటి 'సోర్'. కారణం ఏమిటనుకున్నావు? ఇంట్లో రోజూ నోరారా పిలిచే మాట కావడం వల్లేనట. పిలిచీ పిలిచీ బతికించుకున్నారు. ఇది చదివాక కాసేపు పని చేయలేకపోయాను.

రాసిన కాగితం నకలు దీనితో పంపుతున్నాను. చివరి కొమ్మ నేనే సొంతంగా కలిపాను, చూడు. 'స్వసృ' అంటే మనవాళ్ళలో ఎవరికి తెలుసు? అందుకని, స్వసృకి పుట్టిన బిడ్డే మనం రోజూ వాడే 'సోదరి' అని రాశాను. సొరొర్, సోదరి. పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా లేరూ? కత్తెర కూడా దీనికేం వంక పెడతాడు? అయినా నువ్వోసారి చూసి, ఎక్కడైనా తేడా ఉంటే రాయి. నీ ఎర్ర పెన్ను పడ్డాకే నాకు ధైర్యం.

నీకు చెప్పకుండా ఒక పని చేశాను. విరుపు అయ్యాక చెబుతాను. అమ్మ అడిగినా చెప్పను.

నీ పొట్టి.


ఇంటి నుంచి,
కూరగాయలు తరిగే బల్ల మీద.

బంగారు పొట్టీ,

కాగితం చదివాను. చాలా బాగుంది. 'స' దగ్గరా, పిలిచే రూపం దగ్గరా మరీ బాగుంది. చివరి కొమ్మ కూడా. ఏమీ మార్చకు. ఇలాగే చదువు.

నువ్వు దాచిన సంగతి జీతం పెంచడమో, పై గదిలో సొంత బల్ల ఇవ్వడమో అయ్యుంటుందని అమ్మ అంటోంది. ఏదైనా మంచిదే. నీ అదృష్టానికి అడ్డేముంది?

ఇక్కడ కొత్త బ్యాచి మొదలైంది. మళ్ళీ 'మీ గది తాళం ఇదిగోనండీ'.

నీ ఉత్తరంలో దిద్దడానికేమీ కనిపించలేదు. అందుకే వెనక్కి పంపడం లేదు.

నీ అక్క.


నిఘంటు కార్యాలయం.

పైన ఏమని పిలవాలో తెలియక ఖాళీగా వదిలేశాను.

విరుపు జరిగింది. ఎలా జరిగిందో నీకు తెలుసుకోవాలని ఉంటుంది, అందుకే రాస్తున్నాను.

చదవడానికి లేచి నిలబడ్డాను. నోరు తెరిచేలోగా పెద్దాయన చెయ్యెత్తి ఆపారు. "ఒక్క నిమిషం. ఇందాక బయటి నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. చివరి కొమ్మ నిలవదన్నారు. సోదరికీ స్వసృకీ ఏ సంబంధమూ లేదు. స, ఉదరం. ఒకే కడుపున పుట్టినది కనుక సోదరి. వేరే కుదురు, వేరే మాట. సొరొర్‌ని పోలి ఉండటం ఉత్త కాకతాళీయం. ఆవిడన్న మాట నాకు నచ్చింది. పోలిక చూసి చుట్టరికం కలపకూడదన్నారు."

ఆ ముక్క వినగానే చేతిలో కాగితం బల్ల మీద పెట్టేశాను. మాట విరిగినందుకు కాదు. అది ఎవరి నోటి మాటో ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు కనుక.

కత్తెర బల్ల మీద చరిచి, "విరిగింది. కింద గది ఖాళీగానే ఉంది" అన్నాడు. ఎవరో అప్పుడే నా కుర్చీ వైపు చూశారు.

"ఎవరండీ విరిచింది?" అని అడిగారింకొకరు.

"ఏదో భాషల బడిలో పంతులమ్మట" అంటూ పెద్దాయన తను రాసుకున్న పేరు చూసి, నా కాగితం అడుగు చూసి, మళ్ళీ ఆ పేరు చూశారు. ఆ తర్వాత నవ్వారు. ఆయన నవ్వడం నేను చూడటం అదే మొదలు. "కూర్చోవయ్యా కత్తెరా. ఇది విరుపు కాదు, దిద్దుబాటు. మాట కింద ఇద్దరి పేర్లున్నాయి. ఇందులో ఒకావిడే ఫోన్ చేసింది."

నేను దాచిన సంగతి అదీ. జీతం కాదు, బల్ల కాదు. నా పేరు పక్కన నీ పేరు పెట్టాను, నీకు పంపిన నకల్లో మాత్రం పేర్లు రాయలేదు. అచ్చయ్యాక చూపించి నీ మొహం చూద్దామనుకున్నాను. పెద్దాయన ముందు వద్దన్నారు, 'స' కథ మొత్తం నీదేనని నేను పోట్లాడితే ఒప్పుకున్నారు.

సోదరిని కొట్టేసి మిగతాది చదివాను. ఎవరూ వంక పెట్టలేదు. మాట నిలిచింది, నా ఉద్యోగమూ నిలిచింది. అందరూ నన్ను చుట్టుముట్టి, చెల్లెలి పరువు పోకుండా ఆఖరి నిమిషంలో కాపాడిన అక్కని ఒకటే మెచ్చుకున్నారు. నేను అవునవునన్నాను. ఇంకేమనను?

వెళ్ళబోతుంటే పెద్దాయన అన్నారు: "ఫోన్ పెట్టేసేముందు, 'ఇది విరిగితే మాట ఎవరికొస్తుంది?' అని రెండుసార్లు అడిగారమ్మా మీ అక్క. నీకు దక్కదేమోనని ఎంత బెంగ పెట్టుకున్నారో పాపం."

నా ఉత్తరాల్లో కామా తప్పు కూడా వదలని మనిషివి నువ్వు. సెలవు చీటీ రాసినా ఎర్ర పెన్నుతో దిద్దేదానివి. అలాంటి నీకు ఆ కాగితంలో దిద్దడానికేమీ కనిపించలేదన్న రోజే నేను భయపడాల్సింది. బంగారు పొట్టీ అని రాశావు. నువ్వు నన్ను బంగారు అని ఎప్పుడు పిలిచావు? నేను మాత్రం అది చదువుకుని మురిసిపోయి అమ్మ పంపిన ఫొటో పక్కన పెట్టుకున్నాను.

ఇంతే.


ఇంటి నుంచి.

పొట్టీ,

నాలుగు కాగితాలు చింపి ఇది రాస్తున్నాను. ఇందులోనూ నా తరఫున వాదించడానికేమైనా కనబడితే దీన్నీ చింపేయాలి.

అవును, కుళ్ళు. పెద్ద పేరు పెట్టనక్కర్లేదు. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు నుంచీ ఉంది. 'ఎవరు నేర్పారు, మా అక్క, ఊఁ' అని నువ్వు రాసింది చదివి సంతోషించాల్సింది పోయి, ఆ ఊఁ నా ఎదురుగా అని ఉండాల్సిందనుకున్నాను. సోదరి కొమ్మ చూడగానే తప్పని తెలిసింది. ఎర్ర పెన్ను తీశాను కూడా. మూత తీసి, మళ్ళీ పెట్టేశాను. నీకు చెబితే నీ మాట బాగుపడుతుంది, ఆయనకి చెబితే నా బతుకు బాగుపడుతుంది అనుకున్నాను. నువ్వు కింద గదికి వెళతావని తెలుసు. తెలిసే చేశాను. నువ్వు అక్కడుంటే నాకు బాధగా ఉంటుందని కూడా తెలుసు, ఆ బాధని పైగదిలో కూర్చుని పడదామనుకున్నాను.

నా పేరున్న మాటనే నేను విరవబోయానని చదివాక నవ్వొచ్చింది. చాలాసేపు నవ్వాను. అమ్మ వచ్చి చూసి, "ఏమైందే, ఏడుస్తున్నావేం?" అంది. మొత్తం చెప్పేశాను. ఆవిడ స్టవ్ వైపు తిరిగి, "దాని దగ్గర నీకేం తక్కువయిందో నాకు చెప్పుంటే నేనే అడిగి ఇప్పించేదాన్ని కదే" అంది. మనిద్దరికీ బొమ్మ పంచినట్టే ఇప్పటికీ ఉందనుకుంటా ఆవిడకి.

నా పేరు తీయించేయి. అది నీ హక్కు, నేను అడ్డు చెప్పను.

అమ్మతో ఫోన్‌లో నా గురించి అడుగుతున్నావని తెలిసింది. అక్క తిన్నదా, అక్క బడికి వెళ్ళిందా అని. నన్ను మాత్రం పిలవడం లేదు. ఒకరి గురించి చెప్పుకునే రూపం పోయిందనీ, పిలిచే రూపమే మిగిలిందనీ నువ్వే రాశావు. నన్ను ఆ పోయే రూపంలో ఉంచకు. తిట్టడానికైనా సరే, పిలువు.

అక్క.


నిఘంటు కార్యాలయం,
పొడుగు బల్ల గది.

అక్కా,

నీ ఉత్తరం సొరుగులో పెట్టి తాళం వేసి, తీసి, చదివి, మళ్ళీ తాళం వేస్తూ ఇన్నాళ్ళు గడిపాను. ఇంకా కోపంగానే ఉంది. అది అలా ఉంచి నీకు చెప్పాల్సింది ఒకటుంది.

విరుపు రోజే, అందరూ లేచాక, పెద్దాయన ఇంకో మాట కూడా అన్నారు. నీకు రాసిన ఉత్తరంలో అది మింగేశాను. "సంస్కృతం వైపు కొమ్మలు చూడటానికి మనిషి లేక పని ఆగిపోతోంది, మీ అక్కని రమ్మని రాయి" అన్నారు. సరేనండీ అన్నాను. రాయలేదు. తర్వాత రెండుసార్లు అడిగారు. ఆవిడకి బడిలో తీరిక లేదండీ అని ఒకసారి, ఒంట్లో బాగాలేదండీ అని ఒకసారి చెప్పాను.

మొదట నీకు శిక్ష వేస్తున్నాననుకున్నాను. అది నిజం కాదు. నువ్వు వస్తే ఆ 'ఊఁ'లన్నీ నీకే వెళ్ళిపోతాయి. నా కన్నా నీకే ఎక్కువ వచ్చని ఒక్క వారంలో అందరికీ తెలిసిపోతుంది. మళ్ళీ నేను నీ స్వెటర్ వేసుకున్న పిల్లనైపోతాను. నిన్న నీ ఉత్తరంలో 'మూత తీసి, మళ్ళీ పెట్టేశాను' అన్న చోట ఆగిపోయాను. నేనూ నీకు రాయాలని ఎన్నోసార్లు పెన్ను మూత తీసి, మళ్ళీ పెట్టేశాను. మనిద్దరిదీ ఉత్త పోలిక చూసి కలిపిన చుట్టరికం కాదు అనుకుంటా.

ఈ ఉదయం పెద్దాయన దగ్గరికి వెళ్ళి, మా అక్క ఒంట్లో బాగానే ఉందండీ, అబద్ధం చెప్పాను అన్నాను. ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "అక్కచెల్లెళ్ళా, మజాకా" అని వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి ఒక కుర్చీ తెప్పించారు. నా పక్కన వేయించబోతే నేనొద్దన్నాను, నాకింకా అంత మంచితనం రాలేదు. ఎదురుగా వేయించాను, కత్తెర పక్కన. మాట కింద నీ పేరు అలాగే ఉంది.

సోమవారం నుంచి రావచ్చు. అమ్మని కూడా తీసుకురా. నా గది మనకి ఇరుకే అవుతుంది, చిన్నప్పటిలాగే తోసుకుని పడుకుందాం.

ఈ ఉత్తరం తొందరలో రాశాను, తప్పులుంటాయి. దిద్ది, చేత్తో పట్టుకురా.

పొట్టి.